ఉత్సవం అయ్యేదాకా

అక్టోబరు 6, సోమవారం

ఇవాళ రిజిస్ట్రారు గారు తన గది తలుపు వేయమన్నారు. ఆయన పీఏగా ఇన్నేళ్లు పనిచేసినా, ఆ తలుపు మూసి ఉండగా నేను లోపల నిలబడింది ఎప్పుడూ లేదు. మూసేసరికి దాని వెనక గోడకు ఎప్పటిదో పాత క్యాలెండరు కనబడింది. ఆయన చెబుతున్నంతసేపూ దాన్నే చూస్తూ నిలబడ్డాను.

క్యాంపస్‌లోని శిశు కేంద్రం మూసేస్తున్నారు. ఈ నెలాఖరుతో సరి. ఆ గదులు బాగుచేయించి, వచ్చే పోయే పెద్దలకు విడిది చేస్తారట. ఆయాలిద్దరినీ హాస్టలుకు మారుస్తారు. టీచరుది కాంట్రాక్టు కనక పొడిగింపు లేదు. టీచరంటే మా పిచ్చుక, అందరం అలాగే పిలుస్తాం.

"పద్దెనిమిదిన మన యూనివర్సిటీ యాభై ఏళ్ల ఉత్సవం. ఆ పిల్లల ప్రోగ్రామ్ కూడా ఉంది. ఇప్పుడు బయటపడితే గోలగోల అవుతుంది. ఉత్సవం అయ్యేదాకా ఈ మాట ఈ గది దాటకూడదమ్మా," అన్నారు.

మరి నాకెందుకు చెబుతున్నట్టు? రంగులవాళ్లకూ వడ్రంగికీ కబురు పెట్టాల్సింది నేనట. అందుకు.

"అలాగేనండి," అన్నాను.

ఆయన కూడా సంతోషంగా ఏమీ లేరు. సొరుగులోంచి కడుపుమంట మాత్ర తీసి నీళ్లు లేకుండానే మింగారు.

మధ్యాహ్నం క్యాంటీను వరండాలో మా బల్ల దగ్గర ఎప్పటిలాగే నలుగురం చేరాం. లైబ్రరీలో పనిచేసే నిశ్శబ్దం తన పై అధికారిని తిడుతోంది. ఆవిడకు ఆ పేరు పెట్టింది బావగారు. ఆవిడ గుసగుసలాడినా పక్క భవనంలో వినబడుతుంది మరి. బావగారు క్యాంపస్ తోటల సూపర్‌వైజరు. ఆయన ఎవరికి బావో ఎవరికీ తెలియదు, వైస్ ఛాన్సలర్ గారు కూడా బావగారూ అనే పిలుస్తారు. పిచ్చుక నన్ను అడక్కుండానే నా డబ్బాలోంచి కూర తీసుకుని తింటోంది.

"ఏంటక్కా, డల్లుగా ఉన్నావ్? సారు తిట్టాడా?"

"తలనొప్పి."

తలనొప్పి నిజంగానే వచ్చింది. కాబట్టి అబద్ధం కాదు.

అక్టోబరు 7, మంగళవారం

మోకాలు నొప్పి. ఇంకేం లేదు.

అక్టోబరు 9, గురువారం

నిదానంగా ఆలోచిస్తే రిజిస్ట్రారు గారు అన్నదీ సబబే. ముందే చెబితే పిచ్చుక ఏడుస్తుంది. పిల్లల కార్యక్రమం పాడవుతుంది. తల్లిదండ్రులు గొడవకు దిగుతారు. ఆ గొడవంతా చివరికి పిచ్చుక నెత్తికే చుట్టుకుంటుంది. కొన్నాళ్లు ఆలస్యంగా తెలిస్తే కొంపేమీ మునిగిపోదు. పిల్లలు లేని ఊరెక్కడుంది, ఆమెకు ఎక్కడైనా పని దొరుకుతుంది.

ఇవాళ ఖాళీ అట్టపెట్టెల కోసం ఆఫీసుకు వచ్చింది. ఈసారి పిల్లలంతా క్యాంపస్ భవనాల వేషం వేస్తారట. ఒకడు లైబ్రరీ, ఒకతె గడియార స్తంభం, ఇంకొకడు మా పరిపాలనా భవనం.

"మీ సారు బిల్డింగుకి పొట్ట ఉన్నవాణ్ణి ఏరి పెట్టాను," అని నా చెవిలో చెప్పి కిసుక్కున నవ్వింది. క్యాంటీను వేషం ఇచ్చిన పిల్లాడు నేను క్యాంటీను కాను, నీళ్ల ట్యాంకు అవుతాను అని నేల మీద పడి దొర్లాడట. "ఏం చేస్తాం, ట్యాంకు చేశాను. ఇప్పుడు మన క్యాంపస్‌లో తిండి లేదు, నీళ్లే ఉన్నాయి."

కాగితాల కట్టలు వచ్చిన పెట్టెలన్నీ ఇచ్చేశాను. ఇంకా వాడుకోవాల్సిన పెట్టెల్లోవి కూడా బల్ల మీద గుమ్మరించి ఇచ్చాను. వాటిని రెండు చేతులా ఎత్తుకుంటే మనిషి కనబడలేదు. పెట్టెలకే కాళ్లొచ్చి మెట్లు దిగిపోతున్నట్టుంది.

మా అమ్మాయికి నడక నేర్పింది ఆ మనిషే. నేను ఆఫీసులో ఉండగా మొదటి అడుగులు వేసిందని పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. ఇవాళ అదెందుకు గుర్తొచ్చిందో.

అక్టోబరు 11, శనివారం

రంగులాయన ముందే ఊడిపడ్డాడు. ఉత్సవం అయ్యాక రమ్మన్నాను కదా అంటే, "ఇటు పనుండి వచ్చానమ్మా, ఓసారి కొలతలు చూసుకుని పోతాను," అన్నాడు. తీసుకెళ్లక తప్పలేదు.

పిచ్చుక గుమ్మంలోనే ఎదురైంది. టేపు పట్టుకున్న మనిషిని చూసింది, నన్ను చూసింది.

"అక్కా! మాకా? మాకు రంగులా?"

రంగులాయన నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"అవునమ్మా, లోపలా బయటా మొత్తం వేయమన్నారు," అన్నాడు. ఆయనకు తెలిసింది అంతే.

ఆ గోడలకు పెచ్చులు ఊడిపోయి ఎన్నేళ్లయిందో. ప్రతి ఏడూ ఆమె అడగడం, మేము చూద్దామనడం మామూలే. రంగుల అట్ట ఆయన చేతిలోంచి లాక్కుని నేల మీద కూర్చుంది. పిల్లలు ఒళ్లోకీ భుజాల మీదికీ ఎక్కారు. ఏ రంగు కావాలి, ఏ రంగు కావాలి అని ఒక్కొక్కరినీ అడిగింది. చివరికి తనే తేల్చింది.

"కింద పసుపు, పైన ఆకాశం రంగు. పిల్లల చేతులు తగిలేది కిందే కదండీ, మరకలు కనబడకూడదు. రాసుకోండి."

ఆయన బుద్ధిగా రాసుకున్నాడు.

బయటికి వచ్చాక, "ఆఫీసు వాళ్లు లేత గోధుమ రంగు అన్నారే?" అని అడిగాడు.

"లేత గోధుమే," అన్నాను.

నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి వచ్చి పట్టేసుకుంది. "సారుకి నువ్వే చెప్పి ఉంటావు. నాకు తెలుసు. నీకు తప్ప ఇంకెవరికి పడుతుంది మా గోడల సంగతి!"

నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు.

రాసింది మళ్లీ చదువుకున్నాను. ఆ రెండింటికీ ఏదో పెద్ద తేడా ఉన్నట్టు రాశాను.

అక్టోబరు 12, ఆదివారం

మా ఆయనకు చెప్పాను. పేరు చెప్పకుండా, ఆఫీసులో ఒకావిడ అన్నాను. బియ్యంలో రాళ్లు ఏరుతున్న మనిషి తలెత్తకుండానే, "పిచ్చుకేనా?" అన్నారు.

ఇంకేం దాస్తాను.

"చెబితే నీ ఉద్యోగం పోతుందా?"

"పోదు. మహా అయితే ఇంకో సెక్షన్‌లో పడేస్తారు."

"మరి?"

"సారు నమ్మి చెప్పారు."

"ఆమె నిన్ను నమ్మలేదా?"

ఈయన డ్రైవింగు స్కూల్లో బండి నేర్పుతారు. ఏం చెప్పినా అటు తిప్పి ఇటు తిప్పి బండి మీదికే తెస్తారు. "నువ్వు హాఫ్ క్లచ్ మీద నడుపుతున్నావ్. బండి ముందుకూ పోదు, ఆగి చావదూ. ప్లేటు మాత్రం కాలిపోతుంది," అన్నారు.

మీకు చెప్పడం నాదే బుద్ధి తక్కువ అన్నాను. ఆయన మళ్లీ బియ్యం ఏరుకున్నారు.

ఉత్సవం అయిన మర్నాడే చెబుతాను. ఆ ఒక్క రోజూ పిచ్చుకను సంతోషంగా ఉండనిద్దాం. ఇదంతా దాని కోసమే.

అక్టోబరు 14, మంగళవారం

భోజనానికి మా బల్ల దగ్గరకు వెళ్లలేదు. పని ఉంది.

అక్టోబరు 15, బుధవారం

పని ఉంది.

అక్టోబరు 17, శుక్రవారం

తల ప్రాణం తోకకొచ్చింది. కుర్చీలు సగమే వచ్చాయి. వచ్చిన వాటిలో చేతులున్నవి పెద్దలకట, లేనివి మాకట. ముఖ్య అతిథి మెట్లు ఎక్కలేరని ఇవాళ చెప్పారు. వేదికకు వాలుగా చెక్కలు వేయించాలి. వడ్రంగి ఫోను ఎత్తడు. బావగారు పూలకుండీలను వేదిక చుట్టూ పేర్పించి, వాటికి కాపలాగా తనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గట్టిగా మాట్లాడితే పూలు రాలిపోతాయన్నట్టు అందరినీ కసురుతున్నారు.

పిచ్చుక నలుగురికీ ఒకే గుడ్డతో మెడకు రుమాళ్లు కుట్టి తెచ్చింది. నారింజ రంగు. "రేపు గుంపులో తప్పిపోతే దొరుకుతాం కదా," అంది. నాది కట్టి చూసి, ముడి బాగాలేదని విప్పి, మళ్లీ కట్టింది.

త్వరగా పడుకోవాలి.

అక్టోబరు 18, శనివారం

ఇంకా వెలుతురు పోలేదు. ఇంటికొచ్చి కాళ్లు వేడినీళ్ల బకెట్టులో పెట్టుకుని రాస్తున్నాను. వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

పొద్దున అంతా బాగానే జరిగింది. పాత విద్యార్థులు వచ్చారు. జుట్టు ఊడినవాళ్లు, పొట్టలు వచ్చినవాళ్లు, ఒకరినొకరు రారా పోరా అనుకుంటూ గేటు నుంచి గడియార స్తంభం దాకా ఊరేగింపుగా నడిచారు. నిశ్శబ్దానికి సభలో అందరినీ నిశ్శబ్దంగా ఉంచే పని అప్పగించారు. ఎవరి తెలివో గానీ ఆవిడ "మాట్లాడకండి!" అని అరిచినప్పుడల్లా ముఖ్య అతిథి ఉపన్యాసం ఆపేశారు. బావగారు వేదిక పక్కన కడుపు పట్టుకుని నవ్వుతుంటే ఆయన కుర్చీ విరిగింది. చేతులు లేని కుర్చీ.

నేనూ నవ్వాను. కళ్లలో నీళ్లొచ్చేంత నవ్వాను. కొన్ని గంటలు నిజంగానే ఏమీ గుర్తు లేదు. నారింజ రుమాళ్లతో నలుగురం ఎక్కడికెళ్తే అక్కడ, "వచ్చింది సర్కసు," అన్నారు జనం.

మధ్యాహ్నం పొట్లాలు తీసుకుని మా వరండా బల్ల దగ్గరే కూర్చున్నాం. తింటూ తింటూ పిచ్చుక చెయ్యి దులుపుకుని, "మీకో మాట చెబుతాను. తిట్టకూడదు మరి," అంది.

పెద్ద బస్టాండు దగ్గరి బడిలో చిన్నపిల్లల విభాగానికి ఇన్‌ఛార్జిగా రమ్మని పిలిచారట. పాత విద్యార్థుల్లో ఎవరో ఆమె పేరు చెప్పారట. పది రోజులుగా అడుగుతున్నారు. ఇవాళ సాయంత్రం ఐదులోపు ఏదో ఒకటి చెప్పమన్నారు, లేకపోతే ఇంకొకరిని తీసుకుంటారు.

"పర్మనెంటా?" అంది నిశ్శబ్దం. వరండా అంతా మా వైపు తిరిగింది.

"ఊఁ, పర్మనెంటే. వద్దని చెప్పేస్తున్నాను."

"నీకేమైనా మతి పోయిందా?"

"అది కాదు వదినా. మాకు రంగులు వేయిస్తున్నారు తెలుసా? ఇన్నేళ్లకి! ఉంచదలుచుకోని చోటికి ఎవరైనా రంగులు వేయిస్తారా? ఇవాళ రంగులేస్తారు, రేపు నన్ను పర్మనెంటు చేస్తారు. ఆ బడిలో నాకెవరున్నారు? ఇక్కడ మీరున్నారు. మా అమ్మ కూడా అదే అంది, తెలిసిన చోటే ఉండు అని."

బావగారు నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, నా వైపు తిరిగారు. "ఇదిగో, రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్నది నువ్వు. నువ్వు చెప్పు. రంగులంటే మంచి సూచనేనా? చూచాయగా ఏమైనా విన్నావా?"

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. పిచ్చుక నవ్వుతోంది. జవాబు తనకు ముందే తెలుసన్నట్టు.

"నాకేం తెలుసు బావగారూ," అన్నాను. "నేను ఫోన్లెత్తేదాన్ని."

అందరూ నవ్వారు. నిశ్శబ్దం నా వీపు మీద చరిచింది. పిచ్చుక నా పొట్లంలోంచి ఊరగాయ తీసుకుంది. నేను మిగిలిన అన్నం తిన్నాను. అదీ రాయాలి. తినేశాను.

పిల్లల కార్యక్రమం పెద్దల సన్మానాల వల్ల ఆలస్యమైంది. వేదిక పక్కన నిలబడి చూశాను. అట్టపెట్టెల భవనాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. మా పరిపాలనా భవనం మధ్యలో బొక్కబోర్లా పడింది. పడినవాణ్ణి లేపడానికి లైబ్రరీ వంగి, అదీ పడింది. జనం ఈలలు వేశారు. నీళ్ల ట్యాంకు మాత్రం ఎవరు పడినా కదలకుండా చేతులు పైకెత్తి నిలబడే ఉన్నాడు. అందరికన్నా చిన్నది, ఇంకా మాటలు సరిగ్గా రానిది, శిశు కేంద్రం. దాని పెట్టెకు కింద పసుపు, పైన ఆకాశం రంగు వేసి ఉంది.

రిజిస్ట్రారు గారు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. కొడుతూ ఒకసారి నా వైపు చూశారు. వెంటనే చూపు తిప్పుకున్నారు. ఆయన మొహంలో ఏముందో నాకు తెలుసు, నా మొహంలో ఉన్నదే.

కార్యక్రమం అయిపోయింది. పిచ్చుక ఫోను పట్టుకుని వేదిక వెనక్కు, గోల లేని చోటుకు వెళ్తోంది. నేను వెళ్లి ఫోను పట్టుకున్న చేతిని పట్టుకున్నాను. విరిగిన కుర్చీలన్నీ పేర్చిన చోట నిలబడ్డాం.

"వద్దని చెప్పకు," అన్నాను.

"నువ్వు కూడానా అక్కా? మీరంతా నన్ను వెళ్లగొట్టేదాకా..."

"మూసేస్తున్నారు."

"ఏంటి?"

"శిశు కేంద్రం. ఈ నెలాఖరుకి. ఆ రంగులు మీ కోసం కాదు. గెస్టుల కోసం. నీకు పొడిగింపు లేదు."

నా చేతిలో ఆమె చెయ్యి అలాగే ఉంది. లాక్కోలేదు. అర్థం కానట్టు కాసేపు నా రుమాలు వైపు చూసింది.

"ఎవరు చెప్పారు?"

"సారే చెప్పారు."

"ఇవాళా?"

కాదన్నట్టు తల ఊపాను.

"ఎప్పుడు తెలుసు నీకు?"

"మొన్న సోమవారం కాక అంతకు ముందు సోమవారం."

ఆమె పెదవులు కదిలాయి. లెక్క వేసుకుంటోందని తెలుస్తోంది. ఎక్కడికి వస్తుందో కూడా తెలుసు.

"రంగులాయన వచ్చినప్పుడు?"

"తెలుసు."

"నేను పిల్లల్ని కూర్చోబెట్టుకుని రంగులు ఎంచుతుంటే?"

"తెలుసు."

"ఇందాక అన్నం తింటున్నప్పుడు బావగారు అడిగితే..."

"తెలుసు. సారు ఎవరికీ చెప్పొద్దన్నారు, ఉత్సవం అయ్యేదాకా..."

"ఉత్సవం," అంది. అంతే అంది.

అప్పుడు చెయ్యి విడిపించుకుంది. గట్టిగా కాదు, పిల్లల వేళ్లు విప్పినట్టు మెల్లిగా. నాకు వీపు తిప్పి ఫోను చేసింది. గొంతు సవరించుకుని, చిన్నపిల్లల తల్లులతో మాట్లాడే తీయని గొంతుతో, "నమస్తే మేడమ్, నేనండీ. వస్తాను. లేదు లేదు, ఆలోచించుకున్నాను. చాలా సంతోషం మేడమ్," అంది. మాట్లాడుతున్నంతసేపూ రెండో చేత్తో ఒక కుర్చీ విరిగిన కాలిని ఊడబీకడానికి చూస్తూనే ఉంది.

ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది.

"థాంక్స్ అండీ. ఐదు కాకముందే చెప్పారు," అంది.

అండీ అంది.

"పిచ్చుకా..."

"పిల్లలు పెట్టెల్లోనే ఉన్నారు. తీయాలి. చెమట పోస్తుంటుంది వాళ్లకి," అని వెళ్లిపోయింది.

తర్వాత బావగారు ఫొటోకు రమ్మని కేకేశారు. గడియార స్తంభం కింద నిలబడ్డాం. ఆమె ఆ చివర, నేను ఈ చివర, మధ్యలో వాళ్లిద్దరూ. "దగ్గరకు జరగండి, దగ్గరకు," అని ఫొటో తీసేవాడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

నీళ్లు చల్లారాయి.

అక్టోబరు 20, సోమవారం

పిచ్చుక రాజీనామా ఇచ్చింది. మా ఆఫీసులో ఇవ్వకుండా కింద టపాలు తీసుకునే ఇన్‌వార్డులో ఇచ్చి వెళ్లింది.

రిజిస్ట్రారు గారు పిలిచారు. ఇవాళ తలుపు తెరిచే ఉంది.

"నెలాఖరుకి వెళ్తానని రాసింది. ఎవరు చెప్పారమ్మా?"

"నేనేనండి."

"మిమ్మల్ని నమ్మి చెప్పాను."

"అవునండి."

"ఉత్సవం అయ్యేదాకా ఆగమన్నాను. అంతేగా."

"ఆగే ఉన్నానండి," అన్నాను. "అందుకే ఆమె నాతో మాట్లాడడం లేదు."

ఆయన పెన్ను మూత పెట్టారు. ఆ తర్వాత పరీక్షల విభాగం స్టోరుకు మనిషి కావాలంటున్నారని చెప్పారు. ఒకటో తారీఖు నుంచి అక్కడ. శిక్ష అని అనలేదు. నేనూ అడగలేదు. ఎందుకో భుజాల మీంచి ఏదో దిగినట్టుంది. ఊరికే అలా రాస్తున్నానేమో కూడా. అలసటకూ తేలికకూ తేడా తెలియని స్థితిలో ఉన్నాను.

అక్టోబరు 23, గురువారం

నిశ్శబ్దం మొదటిసారి నాతో తక్కువ గొంతుతో మాట్లాడింది. "ఎందుకలా చేశావే?"

సారు చెప్పొద్దన్నారు అన్నాను.

"సారు నిన్ను చాలా చెప్పొద్దన్నాడు ఇన్నేళ్లలో. పరీక్షల తేదీలు, బదిలీలు, అన్నీ ఆ బల్ల దగ్గర మాకు ముందే చెప్పావు."

అది నిజమే. జవాబు లేదు.

ఉంది. ఇక్కడ రాస్తే ఎవరు చూస్తారు. నాకు ఆ శనివారం కావాలి. నలుగురం, రుమాళ్లు, నవ్వులు. ఇంట్లో, ఆఫీసులో ఈ ఏడాదంతా ఈడ్చుకుంటూ వచ్చాను, ఒక్క రోజు కావాలి అనుకున్నాను. దాని సంతోషం కోసం అని మా ఆయనకు చెప్పాను, ఇక్కడా రాశాను. నా సంతోషం కోసం.

ఆ రోజు బాగానే గడిచింది కూడా, మధ్యాహ్నం దాకా.

అక్టోబరు 31, శుక్రవారం

సాయంత్రం శిశు కేంద్రం ఖాళీ చేస్తున్నారంటే వెళ్లాను. బావగారు చిన్న బల్లలు బయటికి మోయిస్తున్నారు. తల్లులు కొందరు ఏడుస్తున్నారు. కాగితం పట్టుకుని సంతకాలు చేయిద్దామన్నారు ఒకరిద్దరు. ఇప్పుడెందుకు లెండి అని పిచ్చుకే వద్దంది.

నన్ను చూసి పొమ్మనలేదు. "ఆ మూల బొమ్మలున్నాయి, సంచిలో వేయండి," అంది. వేశాను. "ఆ తెర విప్పండి." విప్పాను. తాడు ముడి రాలేదు, పళ్లతో లాగాను. పని చెబుతున్నంతసేపూ నాకు బాగానే ఉంది.

మా అమ్మాయి కూడా కాలేజీ నుంచి నేరుగా వచ్చింది. పిచ్చుక దాన్ని దగ్గరకు తీసుకుని, "ఏంటే, చిక్కిపోయావ్, మీ అమ్మ అన్నం పెట్టడం లేదా?" అంది. నా వైపు చూడకుండా అంది.

ఎప్పుడో మా అమ్మాయి ఎత్తు గీసిన గీత ఇంకా ఆ తలుపు చట్రం మీద ఉంది. సోమవారం రంగులాయన వస్తాడు.

నవంబరు 3, సోమవారం

స్టోరులో మొదటి రోజు. ఖాళీ జవాబు పత్రాలు, దారపు ఉండలు, లక్క. కిటికీ లేదు. ఇక్కడ రహస్యాలు ప్రశ్నపత్రాలవే, అవి కూడా సీలు వేసి వస్తాయి.

మా బల్ల దగ్గర ఇప్పుడు ముగ్గురం. నా కూర నేనే తింటున్నాను.

నవంబరు 5, బుధవారం

చెప్పకుండా ఆ బడికి వెళ్లాను. పిల్లల్ని వదిలే వేళ. గేటు బయట తల్లుల మధ్య నిలబడ్డాను. ఏం మాట్లాడాలో దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

పిచ్చుక ఒక్కో పిల్లనూ పేరు పెట్టి పిలిచి అప్పగిస్తోంది. రెండు రోజుల్లో అన్ని పేర్లూ వచ్చేశాయి. నన్ను చూసింది. చూసి, పని ఆపలేదు. అందరూ వెళ్లాక ఒక పిల్ల మిగిలింది.

"ఈ పిల్లను కాస్త పట్టుకోండి. వాళ్లమ్మ ఇంకా రాలేదు. నేను లోపల తాళాలు వేసి వస్తాను," అంది.

ఆ పిల్ల నా వేలు పట్టుకుని, నువ్వెవరు అని అడిగింది. టీచరు వాళ్ల ఫ్రెండును అని చెప్పాలా వద్దా అని తేలకముందే తను వచ్చేసింది. ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. ఆ తల్లి చాలాసేపటికి గానీ రాలేదు. మేం ఆ పిల్లతోనే మాట్లాడాం, ఒకరితో ఒకరం కాదు. అదైనా మేలే.

ఆవిడ వచ్చి పిల్లను తీసుకెళ్లాక, "పిచ్చుకా, నేను..." అన్నాను.

"ఇప్పుడు వద్దండీ. పొద్దుటి నుంచి అరిచి అరిచి గొంతు పోయింది." చేతి సంచి సర్దుకుంది. "మీరు చెప్పకపోయి ఉంటే ఈ నెల నేనూ మా అమ్మా ఏమయ్యేవాళ్లమో, అదీ అనుకుంటాను. పసుపు రంగు ఎంచినప్పుడు మీరు నిలబడి చూడడం, అదీ అనుకుంటాను. రెండూ వస్తున్నాయి. ఒకటి వస్తే ఇంకోటి పోవడం లేదు."

నాకూ అంతే అన్నాను.

"మీ బస్సు వస్తోంది," అంది. నేను ఎక్కుతుంటే వెనక నుంచి, "ఆదివారాలు ఇంట్లోనే ఉంటారా?"

"ఉంటాను."

"చూస్తాను," అంది. వస్తానని అనలేదు.

నవంబరు 9, ఆదివారం

ఇంట్లోనే ఉన్నాను.

నవంబరు 16, ఆదివారం

ఆడపడుచు ఇంట్లో భోజనాలకు రమ్మంటే ఆయన్నీ అమ్మాయినీ పంపించాను. ఒంట్లో బాగాలేదని చెప్పమన్నాను. నిజానికి ఒంట్లో బాగానే ఉంది, కానీ ఈ అబద్ధం గురించి నాకేం బాధ లేదు.

ఇంట్లోనే ఉన్నాను.

నవంబరు 23, ఆదివారం

వచ్చింది.

చెప్పకుండా, మధ్యాహ్నం ఎండలో, చెప్పులు గుమ్మంలో విసిరేసినట్టు విడిచి వచ్చింది. మా ఆయన ఆమెను చూసి లేచి, ఎవరూ అడక్కుండానే పాలు తెస్తానని బజారుకు పోయారు. ఇంట్లో పాలున్నాయి.

టీ ఇచ్చాను. మా అమ్మాయి చదువు గురించి అడిగింది. కొత్త బడి గురించి చెప్పింది. మేడమ్ మంచిదేనట, జీతం టైముకు ఇస్తారట, కానీ ఒక్కో తరగతిలో కుక్కి కుక్కి పెట్టారట పిల్లల్ని. నడుము నిలవడం లేదట. బస్సులో నిలబడే వెళ్లాలట. మీరు, మీరు అంటూనే ఉంది. నేను వింటూ ఉన్నాను.

తప్పయిపోయింది అన్నాను. ఇన్ని రోజులూ కూడబలుక్కున్నది అంతా ఆ ఒక్క మాటే అయింది.

"తెలుసులెండి," అంది. క్షమించానని అనలేదు. కప్పు కింద పెట్టి, ఆ నీళ్ల ట్యాంకు పిల్లాడు వాళ్ల బడిలోనే చేరాడని చెప్పడం మొదలుపెట్టింది. "మొన్న వాళ్లమ్మ వచ్చి ఏమందంటే..." అని ఆగింది. తలుచుకుంటోంది అనుకున్నాను. చూస్తే సోఫా చేతి మీద తల వాలిపోయి ఉంది. నోరు కాస్త తెరుచుకుంది. నిద్రపోయింది, మాట మధ్యలో.

మా అమ్మాయి టీవీ పెట్టబోతే చెయ్యి ఊపి ఆపాను. ఫ్యాను తగ్గించాను. ఆయన పాలు తెచ్చి గుమ్మంలో నిలబడి, పరిస్థితి చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చారు.

ఎదురుగా కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. వాళ్లమ్మ ఏమందో లేచాక అడగాలి. ఇప్పుడే లేపను.